చూసినదానికే మార్కు

(మన పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పదిమందికీ పనికొచ్చేది ఏదైనా ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఉద్యోగం గురించి మాట్లాడితే మీరు ఆవులిస్తారని నాకు తెలుసు. అందుకని నా ఆదివారాల గురించి మాట్లాడతాను. పాతికేళ్ళుగా నా ఆదివారాలు రిమోట్‌తో నడిచే చిన్న విమానాలతోనే గడుస్తున్నాయి. మొదట సరదాగా ఎగరేశాను. తర్వాత పోటీల్లో దిగాను. ఎప్పుడూ పెద్దగా గెలవలేదు. వేళ్ళు నెమ్మదించాక నన్ను జడ్జి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో నేర్చుకున్నవి చెబుతాను. అందులోనే నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది కూడా చెబుతాను. మార్కులు వేసే గురువులు ఇంతమంది ఉన్న సభలో చెప్పుకోవడమే దానికి తగిన చోటు అనిపించింది.

మన పల్నాడులో పోటీలు రెండు రకాలు. ఒకటి ఎడ్ల బండలాగుడు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెడతారు. ఇచ్చిన సమయంలో బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పెట్టి కొలుస్తారు. అక్కడ వాదన తక్కువ. టేపు చెప్పిందే తీర్పు. రెండోది సంక్రాంతి ముగ్గుల పోటీ. అక్కడ టేపు లేదు. ముగ్గురు పెద్దమనుషులు నడుస్తూ, చూస్తూ, తలలూపుతూ మార్కులు వేస్తారు. బహుమతులిచ్చాక ఆ వీధిలో రెండు వారాలు మాటలుండవు. నేను చెప్పబోయే పోటీ ఈ రెండో రకానిది. విమానం ఎంత వేగంగా పోయింది, ఎంత దూరం పోయింది అని ఎవరూ కొలవరు. ఆకాశంలో అది గీసిన గీత ఎంత చక్కగా ఉందో కంటితో చూసి మార్కు వేస్తారు.

దీన్ని ప్రెసిషన్ ఏరోబాటిక్స్ అంటారు. పోటీల భాషలో దాని పేరు ఎఫ్‌త్రీఏ. 1905లో ఏర్పడిన అంతర్జాతీయ వైమానిక సమాఖ్య దీనికి నియమాలు రాస్తుంది. మన దేశం నుంచి ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అందులో సభ్యత్వం ఉన్న సంస్థ. మొదటి ప్రపంచ పోటీ 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగింది. అమెరికాకు చెందిన ఎడ్ కాజ్‌మిర్‌స్కీ గెలిచాడు.

విమానం చిన్నదే. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 2 మీటర్లు మించకూడదు. ముక్కు నుంచి తోక దాకా కూడా 2 మీటర్లే. బరువు 5 కిలోల లోపు. వెనకటి రోజుల్లో నూనె ఇంజన్లు ఉండేవి, ఇప్పుడు ఎక్కువగా బ్యాటరీ మోటార్లే. పైలట్ నేల మీద నిలబడతాడు. విమానం అతని ముందు సుమారు 150 మీటర్ల దూరంలో, అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ ఎగరాలి. 175 మీటర్లు దాటి దూరం పోతే మార్కులు కోస్తారు. ఎందుకంటే దూరంగా పోతే తప్పులు కనబడవు. పరీక్షలో వెనక బెంచీ కోసం పోటీపడ్డవాళ్ళకు ఈ నియమం సులువుగా అర్థమవుతుంది.

ఆకాశంలో గదిలాంటి హద్దు కూడా ఉంది. పైలట్ నిలబడ్డ చోటు నుంచి ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీలు. విన్యాసాలన్నీ ఆ గదిలోనే జరగాలి. ఎనిమిది నిమిషాల్లో పదిహేడు విన్యాసాలు, ముందే ప్రకటించిన వరుసలో చేయాలి. ఒకటి మైదానం మధ్యలో, తర్వాతది గది చివర తిరుగుతూ, మళ్ళీ ఒకటి మధ్యలో. పైలట్ పక్కన ఒక సహాయకుడు నిలబడి తర్వాతి విన్యాసం పేరు చదువుతుంటాడు. అతని చేతిలో ఉండే కాగితం చూస్తే మన ఆడవాళ్ళు నవ్వుతారు. అచ్చం ముగ్గుల పుస్తకంలా ఉంటుంది. స్పెయిన్‌కు చెందిన హోసే లూయిస్ అరెస్టీ అనే పైలట్ తయారుచేసిన గుర్తులవి. చిన్న చుక్కతో విన్యాసం మొదలవుతుంది, చిన్న అడ్డగీతతో ముగుస్తుంది. తలకిందులుగా ఎగరవలసిన చోట గీతలు తెగితెగి ఉంటాయి. చూడగానే చదవవచ్చు.

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు బొమ్మలు గీయడం మీలో చాలామంది చూసి ఉంటారు. అది కంప్యూటర్ల ప్రతిభ. అది కూడా గొప్పే, కాదనను. కానీ మా పోటీలో అటువంటి సహాయం నిషేధం. విమానాన్ని నిలకడగా పట్టుకునే గైరో పెట్టకూడదు. విన్యాసాన్ని ముందే ప్రోగ్రాం చేసి బటన్ నొక్కకూడదు. గాలి తోస్తే వేళ్ళతోనే సరిదిద్దుకోవాలి. నేల మీద మనిషి చేసేదాన్ని, నేల మీదే కూర్చున్న మరో మనిషి చూసి విలువ కట్టాలి. జడ్జీలు పైలట్‌కు కొన్ని మీటర్ల వెనక కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒకరి మార్కు మరొకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు.

ఇక మార్కుల సంగతి. ప్రతి విన్యాసానికి పది మార్కులు. కొత్త జడ్జీలకు మొదట చెప్పే మాట ఒక్కటే: పది నుంచి మొదలుపెట్టు. పైలట్ ఆ విన్యాసంలోకి వచ్చేటప్పుడు అతని దగ్గర పది మార్కులు ఉన్నాయి. నువ్వు తప్పు చూస్తేనే తియ్యాలి, తప్పు చూడకపోతే తియ్యడానికి వీల్లేదు. చాలామందికి మనసులో ఐదు దగ్గర మొదలుపెట్టి, నచ్చితే ఒకటి కలిపే అలవాటు ఉంటుంది. అది మెచ్చుకోలు అవుతుంది కానీ తీర్పు అవదు. తీసిన ప్రతి అరమార్కుకూ మన దగ్గర ఒక కారణం ఉండాలి.

ఎంత తియ్యాలి అనేదానికి స్థూలంగా ఒక కొలబద్ద ఉంది. గీత ఉండవలసిన కోణం నుంచి సుమారు పదిహేను డిగ్రీలు పక్కకు పోతే ఒక మార్కు. నిట్టనిలువుగా లేవవలసిన విమానం కాస్త వాలితే అర మార్కు, బాగా వాలితే ఒకటి, ఇంకా వాలితే రెండు. ఇది కంటితో పట్టడం కష్టం కదా అని మీరు అడగవచ్చు. మన తిరునాళ్ళలో ప్రభ లేపేవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. ఎనభై, తొంభై అడుగుల ప్రభ లేస్తుంటే మోకులు పట్టుకున్నవాళ్ళకు అది ఎటు వాలుతోందో తెలియదు. వాళ్ళు మరీ దగ్గరగా ఉంటారు. దూరంగా ఒక పెద్దాయన నిలబడి, "ఎడమ మోకు లాగండ్రా, చాలు చాలు" అని కేకేస్తాడు. ఆయన దగ్గర కొలిచే పరికరం ఏదీ లేదు. చిన్నప్పటి నుంచి ప్రభల్ని చూసిన కళ్ళే ఉన్నాయి. జడ్జి కన్ను కూడా అట్లాగే తయారవుతుంది, ఏళ్ళ తరబడి చూడగా చూడగా.

చూడవలసింది ఏమిటి అనేది తర్వాతి సంగతి. కొత్తవాళ్ళు విమానం ముక్కును చూస్తారు. ముక్కు కాదు, అది పోయిన దారిని చూడాలి. కృష్ణ దాటించే పడవవాడు పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పి పెడతాడు. నీళ్ళు దిగువకు తోస్తాయి. పడవ మాత్రం తిన్నగా అవతలి రేవుకు చేరుతుంది. ఒడ్డున నిలబడి "పడవ వంకరగా పోతోంది" అన్నవాడు నీళ్ళను చూడనివాడు. విమానమూ అంతే. పక్కగాలి ఉన్నప్పుడు ముక్కును గాలివైపు తిప్పి పెట్టుకుంటేనే దారి తిన్నగా ఉంటుంది. దారి తిన్నగా ఉంటే కోత లేదు. స్టాల్ టర్న్, స్పిన్ వంటి వాటిలో మాత్రం వేగం పూర్తిగా చచ్చిపోయిన క్షణాలు ఉంటాయి. అప్పుడు గాలి కాస్త పక్కకు తోసుకుపోయినా పైలట్‌ను తప్పుపట్టం. అతని చేతిలో లేనిదానికి మార్కు తియ్యకూడదు.

లూప్ అంటే నిలువు చక్రం. అది అంతటా ఒకే వ్యాసార్థంతో ఉండాలి. ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, దిగేటప్పుడు పెరుగుతుంది, గాలి ఒకవైపు లాగుతుంది. ఊరుకుంటే అది కోడిగుడ్డు అవుతుంది. పైలట్ ప్రతి క్షణం ఎలివేటర్‌ను, మోటారును సర్దుతూ ఉంటేనే చక్రం చక్రంగా ఉంటుంది. రోల్ అంటే తిన్నటి గీత మీద పొర్లడం. పొర్లే వేగం మారకూడదు, ఎత్తు మారకూడదు, రోల్‌కు ముందు గీత ఎంత ఉందో తర్వాత కూడా అంతే ఉండాలి. స్టాల్ టర్న్‌లో విమానం నిట్టనిలువుగా లేచి, వేగం చచ్చిన చోట రడ్డర్ మీద అక్కడికక్కడే తిరిగి, అదే దారిన దిగాలి. అక్కడికక్కడే తిరగకుండా పెద్ద వంపు తిరిగి వస్తే మార్కులు వరుసగా పోతాయి. స్పిన్ అయితే ముందు విమానం స్టాల్ కావాలి, ముక్కు వాలాలి, అప్పుడు తిరగాలి. స్టాల్ కాకుండా ఊరికే మెలికలు తిరుగుతూ దిగితే ఎంత అందంగా ఉన్నా సున్నా.

ఇంకా నిదానం, హుందాతనం, పరిమాణం, గది మధ్యలో జరిగిందా లేదా, ఇవన్నీ ఉన్నాయి. చివరికి వచ్చిన మార్కును ఆ విన్యాసం కష్టాన్నిబట్టి ఇచ్చిన ఒక అంకెతో హెచ్చిస్తారు. దాన్ని కె ఫ్యాక్టర్ అంటారు. కష్టం 4 ఉన్న విన్యాసానికి ఏడున్నర వేస్తే అది 30 అవుతుంది. కాబట్టి జడ్జి కంటి దగ్గర జారిన ఒక మార్కు పైలట్ దగ్గరకు వెళ్ళేసరికి నాలుగు అవుతుంది.

జడ్జీలు మనుషులే. ఆ సంగతి నియమాలు రాసినవాళ్ళకు బాగా తెలుసు. పేరున్న పైలట్ వస్తే కన్ను మెత్తబడుతుంది. ఎవరూ ఎరగని కుర్రాడు పాత విమానంతో వస్తే కన్ను ముందే గట్టిపడుతుంది. పొద్దున ఎగిరినవాడికి పిసినారిగా, సాయంత్రం ఎగిరినవాడికి ధారాళంగా వేస్తారు. అందుకే పోటీ మొదలయ్యే ముందు, పోటీలో లేని పైలట్‌తో ఒకసారి ఎగరేయించి జడ్జీల కళ్ళను సర్దుకోనిస్తారు. ఎక్కువమంది జడ్జీలు ఉన్నచోట అందరికంటే ఎక్కువ మార్కును, అందరికంటే తక్కువ మార్కును తీసేసే పద్ధతి ఉంది. ప్రపంచ పోటీల్లో తారసోవ్, బావర్, లాంగ్ అనే ముగ్గురి పేర్లతో పిలిచే ఒక గణాంక పద్ధతి వాడతారు. మిగతావాళ్ళకు బొత్తిగా పొంతన లేని మార్కు ఎక్కడ పడిందో అది లెక్కగట్టి పట్టుకుంటుంది. చివరికి ఆ రౌండులో అందరికంటే బాగా ఎగరేసినవాడికి 1000 ఇచ్చి, మిగతావాళ్ళకు ఆ నిష్పత్తిలో ఇస్తారు.

ఇన్ని జాగ్రత్తలున్నా, జడ్జి ఒక్కడికే తెలిసిన తప్పు ఒకటి ఉంటుంది. దాన్ని ఏ లెక్కా పట్టుకోలేదు. నేను చేసింది అదే.

కొన్నేళ్ళ క్రితం ఒక ఊళ్ళో చిన్న పోటీ జరిగింది. ఊరి పేరు, క్లబ్బు పేరు అవసరం లేదు. మేము ముగ్గురం జడ్జీలం. ముగ్గురి మార్కులూ కలపడమే, తీసివేతలు లేవు. ఆఖరి రౌండులో ఒక కుర్రాడు దిగాడు. ఇరవై ఏళ్ళుంటాయి. ఎవరో వాడి ఇచ్చేసిన విమానం, రెక్క మీద అతుకు కూడా కనబడుతోంది. చాలా బాగా ఎగరేస్తున్నాడు. మధ్యలో ఒక విన్యాసానికి నేను ఏడు వేసి, కాదు ఏడున్నర వెయ్యాలని తల వంచి దిద్దుతున్నాను. తల ఎత్తేసరికి అతని నాలుగు పాయింట్ల రోల్ అయిపోయింది. అంటే విమానం తిన్నగా పోతూ, పావు వంతు పొర్లి ఆగి, మళ్ళీ పావు వంతు పొర్లి ఆగి, నాలుగుసార్లలో ఒక చుట్టు పూర్తిచేయాలి. నేను చూసింది ఆఖరి పావు వంతు మాత్రమే.

ఇటువంటి సందర్భానికి నియమం ఉంది. చాలా సులువైన నియమం. ఏ కారణం చేతైనా విన్యాసాన్ని చూడలేకపోతే మార్కు వెయ్యకూడదు. ఆ గడిలో 'చూడలేదు' అనే అర్థం వచ్చే రెండక్షరాల గుర్తు రాయాలి. మిగతా జడ్జీల మార్కుల సగటును లెక్కించేవాళ్ళు అక్కడ వేసుకుంటారు. జడ్జికి శిక్ష లేదు, పైలట్‌కు నష్టం లేదు.

నేను అది రాయలేదు. పక్కన నాకంటే చిన్నవాళ్ళు ఇద్దరు జడ్జీలు. పెద్దవాణ్ణి, ఇంజనీరుని, చూడలేదని ఎట్లా రాస్తాను? ఏడు వేశాను. ఏడు అనేది మా కుర్చీల్లో దాక్కోవడానికి మంచి చోటు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఎవరూ అడగరు.

సాయంత్రం లెక్కలు వచ్చాయి. ఆ రోల్‌కు మిగతా ఇద్దరూ చెరి తొమ్మిది వేశారు. కష్టం 4. నేను నిజం రాసి ఉంటే నా గడిలో తొమ్మిది పడేది. రెండు మార్కుల తేడా, నాలుగుతో హెచ్చిస్తే ఎనిమిది. ఆ కుర్రాడు మొదటి స్థానం పోగొట్టుకున్నది ఐదు పాయింట్లతో.

అప్పుడైనా నోరు విప్పలేదు. ఇంతలో ఆ అబ్బాయే నా దగ్గరకు వచ్చాడు. కోపంగా కాదు, చేతులు కట్టుకుని. "సార్, నాలుగు పాయింట్ల రోల్‌కు మీరు ఏడు వేశారు. అందులో నా తప్పేంటో చెబితే సరిచేసుకుంటాను" అన్నాడు. అక్కడ కూడా ఒక్క నిమిషంలో అంతా సర్దుకోవచ్చు. నేనేమన్నానో తెలుసా? "రెండో పాయింటు దగ్గర, తలకిందులైనప్పుడు, ముక్కు కొంచెం దిగింది బాబూ. అక్కడ ఎలివేటర్ ఇంకాస్త నొక్కాలి" అన్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు అది. ఇతనూ చేసే ఉంటాడులే అనుకున్నాను. అతను థాంక్స్ చెప్పి, చిన్న నోటుబుక్ తీసి రాసుకున్నాడు.

ఐదారు నెలల తర్వాత మరో మైదానంలో అతను సాధన చేస్తుంటే చూశాను. అన్నీ బాగున్నాయి. నాలుగు పాయింట్ల రోల్ వచ్చేసరికి, తలకిందులైన దశలో విమానం పైకి లేచింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ లేచింది. ఎలివేటర్ ఎక్కువ నొక్కుతున్నాడు. లేని తప్పును నేను చెప్పాను, ఐదు నెలలు ఆదివారాలన్నీ ఖర్చుపెట్టి అతను దాన్ని సరిదిద్దుకున్నాడు. పోయిన మొదటి బహుమతి సంగతి అట్లా ఉంచండి. బాగున్న చేతిని నేను పాడుచేశాను.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఈ బడే. నా క్లాసువాళ్ళకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలు. మా లెక్కల మాష్టారు పేపర్లు దిద్దడానికి సైకిల్ మీద నరసరావుపేట తీసుకెళ్ళి తిరిగొస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆ రోజుల్లో సిరా పెన్నులు. నా పేపర్లో ఒక పేజీ మొత్తం నీలంగా అలుక్కుపోయింది. ఎనిమిది మార్కుల లెక్క అది. మాష్టారు అందరికీ పేపర్లు ఇచ్చి నన్ను పిలిచారు.

"ఏరా, ఈ పేజీ వానకు తడిసింది. తప్పు నీది కాదు, నాది. దీనికి నేను మార్కు వెయ్యలేదు. ఇప్పుడు బోర్డు మీద చెయ్యి."

నేను అతితెలివి చూపించి, "మిగతావి అన్నీ కరెక్టే కదండీ మాష్టారూ, ఇదీ కరెక్టే అయి ఉంటుందండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"చూడని లెక్కకు మార్కు వెయ్యడం నాకు చేతకాదురా" అన్నారు.

బోర్డు మీద చేశాను. మూడో మెట్టు దగ్గర గుర్తు తప్పు వేశాను. రెండు మార్కులు తీసి ఆరు వేశారు. ఆ తప్పు నేను మళ్ళీ జీవితంలో చెయ్యలేదు. ఆయన జాలిపడి ఎనిమిది వేసినా, చిరాకుపడి నాలుగు వేసినా నా తప్పు నాకు తెలిసేది కాదు. ముప్పై మందిముందు "నాకు కనబడలేదు, తప్పు నాది" అన్నందుకు ఆయన గౌరవం మా దగ్గర ఇసుమంత కూడా తగ్గలేదు. అది చూసి పెరిగినవాణ్ణి, ఇద్దరి ముందు ఆ మాట రాయలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత, "అందుకే సార్, వీడియో ఎన్నిసార్లు చూసుకున్నా ఆ తప్పు నాకు కనబడలేదు. నా కళ్ళే బాగాలేవనుకున్నాను" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు వేరే శిక్ష అవసరం లేకపోయింది. పోటీ జరిపినవాళ్ళకు కూడా చెప్పాను. ఫలితం ఎప్పుడో ఖాయమైపోయింది, మారలేదు. ఆ కుర్రాడు తన రోల్‌ను మళ్ళీ మామూలు దారికి తెచ్చుకోవడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు బాగా ఎగరేస్తున్నాడు. ఎదురుపడితే పలకరిస్తాడు. కానీ అప్పటినుంచి తన మార్కుల గురించి నన్ను మాత్రం అడగలేదు. అడగకపోవడం న్యాయమే.

ఇది చెప్పి మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. మనలో చాలామందిమి ఇప్పుడు ఎక్కడో ఒకచోట జడ్జి కుర్చీలోనే ఉన్నాం. ఒకరు ఆఫీసులో కిందివాళ్ళకు ఏటా రేటింగులు వేస్తారు. ఒకరు ఇంటర్వ్యూలు చేస్తారు. ఒకరు పొలం గట్టు తగాదా తీరుస్తారు. ఇంట్లో పిల్లలకు మార్కులు వెయ్యని తల్లిదండ్రులు లేరు. చూసినదానికి కఠినంగా వెయ్యండి, ఫర్వాలేదు. కఠినమైన మార్కు కూడా నేర్పుతుంది. చూడనిదానికి మాత్రం వెయ్యకండి. చూడలేదని చెప్పండి. కుదిరితే మళ్ళీ చెయ్యమని అడగండి. కుదరకపోతే చూసినవాళ్ళ మాట తీసుకోండి. చూడకుండా వేసిన మార్కు ఊరికే పోదు. దాన్ని నమ్మినవాడు లేని తప్పు కోసం వెతుక్కుంటూ ఉన్న మంచిని పోగొట్టుకుంటాడు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. వచ్చే సెలవుల్లో మన గ్రౌండులో పిల్లలకోసం ఒక పూట ఈ ఆట చూపించాలని నాకు కోరిక. పెద్ద విమానం కాదు, తేలికైన ఫోమ్ విమానం. ఎందుకంటే నిబంధనలూ ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకే అనుమతి అక్కర్లేదు. పోటీ విన్యాసాలకు ఆ ఎత్తు చాలదు. 150 మీటర్ల దూరంలో 60 డిగ్రీల కోణమంటే 850 అడుగులు దాటుతుంది, లెక్క మీరే వేసి చూసుకోండి. అందుకని చిన్న విమానంతో తక్కువ ఎత్తులో చేద్దాం, మ్యాపు చూసుకుని, జనం లేని వైపు. తిరునాళ్ళ రోజుల్లో కొండ చుట్టుపక్కల మాత్రం ఎవరూ ఏదీ ఎగరెయ్యకండి. అంతమంది తలల మీద ఎగరెయ్యవలసిన అవసరం ఏ విమానానికీ లేదు.

ఆ రోజు విమానం నేను ఎగరేస్తాను. మార్కులు పిల్లలు వేస్తారు. ప్రతి ఒక్కరికీ కాగితం, పెన్సిలు ఇస్తాను. పది నుంచి మొదలుపెట్టి, తీసిన ప్రతి మార్కుకూ పక్కన కారణం రాయాలి. కాగితంలో ప్రతి విన్యాసం పక్కనా ఇంకో గడి కూడా ఉంటుంది: 'చూడలేదు'. ఆ గడిలో నిజాయితీగా టిక్కు పెట్టిన పిల్లలందరికీ నేనే స్వయంగా ఆ విన్యాసం మళ్ళీ చేసి చూపిస్తాను. వేళ్ళు ఇదివరకట్లా లేవు, రెండోసారి ఇంకా వంకరగా రావచ్చు. అయినా ఫర్వాలేదు, మార్కులు తియ్యమనండి.

మా లెక్కల మాష్టారు ఈరోజు మన మధ్య లేరు. ఉంటే ఆ ముందు వరుసలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. నా ప్రసంగానికి ఎన్ని మార్కులు వేసేవారో తెలియదు కానీ, తీసిన ప్రతిదానికీ కారణం చెప్పేవారు.